మట్టి రేణువును పట్టి ఉంచేది ఏమిటి?

సుమారు ఇరవై ఐదేళ్ల క్రితం, నేను పరిశోధన కేంద్రంలో చేరిన కొత్తలో, కోస్తాలో ఒక కాలువ చివరి గ్రామానికి చౌడు పొలం చూడటానికి వెళ్లాను. వేసవి కావటంతో నేలపై తెల్లని ఉప్పు పొర తేలి ఉంది. దాని కింద మట్టి మాత్రం గుల్లగా ఉంది. చేతిలో నలిపితే పొడిపొడిగా రాలింది. నమూనా తీసి విద్యుత్ వాహకత ఒక్కటే కొలిపించాను. అది హద్దు మించి ఉంది. "ఇది పాల చౌడు. మంచి నీరు నిలిపి మురుగు తీయండి, ఉప్పు కొట్టుకుపోతుంది" అని సలహా ఇచ్చాను. ఆ యేడు కాలువలో నీరు బాగా వచ్చింది. రైతు నేను చెప్పినట్లే మూడు దఫాలు నీరు నిలిపి తీశారు.

మరుసటి యేడు వెళ్లి చూస్తే ఉప్పు నిజంగానే తగ్గింది. కానీ గుల్లగా ఉన్న ఆ నేల మూసుకుపోయింది. పెట్టిన నీరు వారాల తరబడి ఇంకక బురదరంగుతో నిలిచింది. ఎండిన చోట నేల బండలా బిగిసి, నాగలి దిగలేదు. ఆ పెద్దాయన నన్ను నిందించలేదు. "ఉప్పు పోయిందండి. దాంతోపాటు నేల కూడా పోయింది" అని మాత్రం అన్నారు. రెండు పంటలు పోయాయి. ఆ పొరపాటు నాది.

మట్టి అదే, నీరు మంచిదే. మరి మారినదేమిటి? రేణువుకూ రేణువుకూ మధ్య ఉండే పట్టు మారింది. దీనికి వివరణ నేను చదవని గ్రంథంలో ఏమీ లేదు. ఇంటర్మీడియట్‌లో చదివి, పరీక్ష రాసి, మరచిపోయిన రసాయన బంధాల అధ్యాయంలోనే ఉంది. పదార్థపు గుణాన్ని నిర్ణయించేది అందులోని మూలకాలు మాత్రమే కాదు, అవి ఒకదానినొకటి ఎంత బలంగా పట్టుకున్నాయన్నది కూడా. వ్యవసాయంలో ఏది పొలంలో నిలుస్తుంది, ఏది జారిపోతుంది అన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు ఈ పట్టును బట్టే ఉంటుంది. ఆ సంగతిని నేల, నీరు, ఎరువుల ఉదాహరణలతో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు స్థాయిల్లో పట్టు

పదార్థాలలో పట్టు రెండు స్థాయిల్లో కనిపిస్తుంది. మొదటిది పరమాణువులను లేక అయాన్లను కలిపి ఉంచే రసాయన బంధం. ఎలక్ట్రాన్లను పంచుకొనడం వల్ల ఏర్పడేది సంయోజనీయ బంధం. ధన, ఋణ అయాన్ల ఆకర్షణ వల్ల ఏర్పడేది అయానిక బంధం. ఒక పరమాణువే రెండు ఎలక్ట్రాన్లనూ అందించి ఏర్పరచేది సమన్వయ సంయోజనీయ బంధం. రెండవది, ఇప్పటికే ఏర్పడిన అణువుల నడుమ పనిచేసే ఆకర్షణ. హైడ్రోజన్ బంధం, వాండర్ వాల్స్ బలాలు ఈ కోవకు చెందుతాయి. ఇవి మొదటి వాటికంటే చాలా బలహీనమైనవి. అయినా పదార్థం వాయువుగా ఉంటుందా, ద్రవంగా ఉంటుందా, దేనిలో కరుగుతుంది, దేనికి అంటుకుంటుంది అన్నవాటిని ఎక్కువగా నిర్ణయించేవి ఇవే.

నీటినే తీసుకుందాం. నీటి అణువులో ఆక్సిజన్‌కూ హైడ్రోజన్‌కూ మధ్య ఉన్న సంయోజనీయ బంధాన్ని తెంచడానికి మోలుకు సుమారు 463 కిలోజౌళ్ల శక్తి కావాలి. ఒక నీటి అణువును పక్క అణువుతో కలిపే హైడ్రోజన్ బంధాన్ని తెంచడానికి సుమారు 20 కిలోజౌళ్లు చాలు. నీరు మరిగినప్పుడు తెగేది రెండవ రకమే. అందుకే ఆవిరి కూడా నీరే అవుతుంది. ఆవర్తన పట్టికలో ఆక్సిజన్‌కు సరిగ్గా కింద ఉన్న గంధకం ఏర్పరచే హైడ్రోజన్ సల్ఫైడు, నీటికంటే బరువైన అణువైనప్పటికీ, మైనస్ 60 డిగ్రీల వద్దనే మరుగుతుంది. దానిలో హైడ్రోజన్ బంధం లెక్కకు రానంత బలహీనం. ఆ బంధమే లేకపోతే మన పొలాల ఉష్ణోగ్రత వద్ద నీరు వాయువుగానే ఉండేది.

ఈ బలహీనమైన బంధాలు ఎంత పని చేస్తున్నాయో ఒక లెక్క చూద్దాం. ఎండ కాసే రోజున పైరు, నేల కలిసి 5 మిల్లీమీటర్ల నీటిని ఆవిరిగా వదిలితే, ఎకరానికి అది సుమారు 20 వేల లీటర్లు. కిలో నీరు ఆవిరి కావడానికి 2.45 మెగాజౌళ్ల శక్తి కావాలి కనుక, ఆ ఒక్క రోజున ఎకరం నుండి తొలగే వేడి 13 వేల యూనిట్ల విద్యుత్తుకు పైగా ఉంటుంది. నీటి ఎద్దడిలో ఆకులు వేడెక్కడం ఇందువల్లనే. బాష్పోత్సేకం ఆగితే ఆ వేడిని మోసుకొనిపోయే మార్గం సన్నగిల్లుతుంది.

ద్రావణీయత కూడా పట్టుల మధ్య పోటీయే. స్ఫటికం తన భాగాలను తనలో ఉంచుకోవాలని చూస్తుంది, నీరు వాటిని విడదీసి తన చుట్టూ చేర్చుకోవాలని చూస్తుంది. యూరియా స్ఫటికంలో అణువులు హైడ్రోజన్ బంధాలతో కలిసి ఉంటాయి కనుక అది 133 డిగ్రీల వద్దనే కరిగిపోతుంది. నీటితోనూ అటువంటి బంధాలే ఏర్పరచగలదు కనుక లీటరు నీటిలో కిలోకు పైగా ఇముడుతుంది. బకెట్టులో యూరియా కలిపినప్పుడు నీరు చల్లబడటం రైతులందరికీ అనుభవమే. స్ఫటికాన్ని విడదీయడానికి అయ్యే శక్తి నీటి వేడి నుండే వస్తుంది. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అయానిక స్ఫటికం. అది ద్రవంగా మారాలంటే 770 డిగ్రీల వేడి కావాలి. అయినా దాని అయాన్లపై ఒక్కొక్క ఆవేశమే ఉండటంతో నీరు వాటిని సులువుగా విడదీస్తుంది. జిప్సంలో కాల్షియం, సల్ఫేటు అయాన్లు రెండింటిపైనా రెండేసి ఆవేశాలుండటంతో వాటి పట్టు గట్టిది. లీటరుకు సుమారు 2.4 గ్రాములే కరుగుతుంది. రాక్ ఫాస్ఫేటు సాధారణ నేలలో దాదాపు కరగదు. ఆమ్ల నేలల్లో మాత్రమే కొంత అక్కరకు వస్తుంది.

నల్లరేగడి, ఎర్రచల్కా: పొరల మధ్య తేడా

నేలలో ఇసుక, ఒండ్రు రేణువులు ప్రధానంగా అస్థిపంజరం వంటివి. రసాయన వ్యవహారమంతా నడిచేది బంకమన్నులోనూ సేంద్రియ పదార్థంలోనూ. బంకమన్ను ఆకారం లేని జిగురు పదార్థమని ఒకప్పుడు భావించేవారు. ఎక్స్-కిరణాల పరిశీలనల వల్ల అది పలుచని పలకలుగా పేర్చిన స్ఫటికమని తేలింది. రసాయన బంధాలపై విశేష కృషి చేసిన లైనస్ పౌలింగ్ 1930లో అభ్రకపు నిర్మాణాన్ని వివరించడంతో ఈ పొరల ఖనిజాలను అర్థం చేసుకొనే మార్గం ఏర్పడింది.

ప్రతి పలక లోపల సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ పరమాణువుల బంధాలు చాలా గట్టివి. ఆ విషయంలో బంకమన్నులన్నీ దాదాపు ఒకటే. తేడా అంతా పలకకూ పలకకూ మధ్య ఉన్నది.

ఎర్రనేలల్లో ఎక్కువగా కనిపించే కేయొలినైట్‌లో ఒక పలక హైడ్రాక్సిల్ వైపు, పక్క పలక ఆక్సిజన్ వైపు ఎదురెదురుగా ఉండి హైడ్రోజన్ బంధాలతో కలుసుకుంటాయి. ఒక్కొక్క బంధం బలహీనమే. అయితే పలక పొడవునా అవి కోకొల్లలు. అందువల్ల పలకల దూరం 0.72 నానోమీటర్ల వద్ద స్థిరంగా ఉంటుంది. మధ్యలోకి నీరు చొరబడదు, మట్టి ఉబ్బదు. పోషకాలను పట్టుకొనే ధనాయాన వినిమయ సామర్థ్యం కూడా తక్కువే. వంద గ్రాముల ఖనిజానికి 3 నుండి 15 మిల్లీ ఈక్వివలెంట్లు మాత్రమే ఉంటుంది.

నల్లరేగడిలో ప్రధానమైన మాంట్‌మోరిల్లొనైట్ సంగతి వేరు. దాని పలకకు రెండు వైపులా ఆక్సిజన్ పరమాణువులే ఉండటంతో పలకల మధ్య హైడ్రోజన్ బంధానికి తావులేదు. పలకలో అక్కడక్కడ అల్యూమినియం స్థానంలో మెగ్నీషియం చేరడం వల్ల పలకకు ఋణావేశం వస్తుంది. దానిని సరిచేయడానికి కాల్షియం, మెగ్నీషియం, సోడియం వంటి ధనాయాన్లు పలకల మధ్య చేరుతాయి. వాటి చుట్టూ నీరు చేరుతుంది. ఎండినప్పుడు ఒక నానోమీటరుకు కొంచెం తక్కువగా ఉన్న దూరం, తడిసినప్పుడు దాదాపు రెట్టింపవుతుంది. ఎండకు నెర్రెలు తీయడం, వానకు ఉబ్బి మూసుకోవడం ఈ రాకపోకల ఫలితమే. దీని వినిమయ సామర్థ్యం వంద గ్రాములకు 80 నుండి 120 మిల్లీ ఈక్వివలెంట్ల వరకు ఉంటుంది. గ్రాము ఖనిజపు లోపలి, వెలుపలి తలాలన్నింటినీ కలిపితే 700 నుండి 800 చదరపు మీటర్లు అవుతుంది. అంటే ఐదారు గ్రాముల ఖనిజపు పలకలను విప్పి చూస్తే ఎకరం నేలంత వైశాల్యం ఉంటుందన్నమాట.

ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉండే ఇల్లైట్‌లో పొటాషియం అయాను పలకల మీది గుంటలలో సరిగ్గా ఇముడుతుంది. తన చుట్టూ ఉన్న నీటిని వదిలించుకొని గుంటలో కూర్చొని పలకలను బిగిస్తుంది. అమ్మోనియం అయాను కూడా పరిమాణంలో పొటాషియానికి దగ్గరగా ఉండటంతో అలాగే చిక్కుకుంటుంది. మట్టి పరీక్షలో మొత్తం పొటాషియం ఎంతో ఎక్కువగా ఉన్నా, లభ్యమయ్యే పొటాషియం కొద్దిగానే కనిపించడానికి ఇది ఒక కారణం.

పలకల మధ్య ఉన్న ఈ తేడాయే సేద్యపు పద్ధతులను నిర్దేశిస్తుంది. రేగడి తడిగా ఉంటే పలకల మధ్య నీటి పొర మందంగా ఉండి అవి జారిపోతాయి, మట్టి నాగలికి అంటుకుంటుంది. పూర్తిగా ఎండితే పలకలు దగ్గరకు వచ్చి వాండర్ వాల్స్ బలాలు, కాల్షియం వంతెనలు వాటిని బిగించేస్తాయి, పెళ్లలు లేస్తాయి. ఈ రెండింటి నడుమ ఉన్న ఇరుకైన తేమ స్థితినే రైతు 'పదును' అంటాడు. పటాన్‌చెరువులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ క్షేత్రంలో ఎర్రనేలలు, నల్లరేగళ్లు రెండూ ఉన్నాయి. రేగళ్లకు అక్కడి శాస్త్రవేత్తలు రూపొందించిన ఎత్తుమడులు–కాలువల పద్ధతి, తొలకరికి ముందే పొడి దుక్కిలో విత్తే పద్ధతి ఈ పదును సమస్యకు చూపిన పరిష్కారాలే. వానలు మొదలైన తరువాత రేగడిలో అడుగు పెట్టడం కష్టం కనుక, పనిని ముందే ముగించడం వాటి సారం.

కృష్ణా, గోదావరి డెల్టాలలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము, పెసర విత్తనాలను నిలిచి ఉన్న పైరులోనే వెదజల్లడం కూడా ఇదే కోవకు చెందుతుంది. దమ్ము చేసినప్పుడు మట్టి కణికలు విరిగి, పలకలు విడివడి, ఒకదానిపై ఒకటి పరచుకుంటాయి. వరికి నీరు నిలవడానికి అది మేలు. అదే మట్టి ఆరితే పెళ్లలుగా బిగిసి దుక్కికి లొంగదు. తేమ ఉండగానే విత్తనం వేసి దుక్కిని తప్పించుకొనడం డెల్టా రైతు అనుభవంతో కనుగొన్న ఉపాయం.

నీటిని నేల ఎంత బలంగా పట్టుకుంటుంది?

మట్టిలో ఎంత నీరు ఉందన్న దానికంటే, ఆ నీరు ఎంత బలంగా పట్టుబడి ఉందన్నదే వేరుకు ముఖ్యం. నీటి అణువులు పరస్పరం హైడ్రోజన్ బంధాలతో కలిసి ఉండటం వల్ల తలతన్యత, అవి మట్టి తలంలోని ఆక్సిజన్‌తో బంధం ఏర్పరచడం వల్ల అంటుకొనే గుణం కలుగుతాయి. ఈ రెండూ కలిసి సన్నని రంధ్రాలలో నీటిని పైకి లాగుతాయి. వ్యాసం 0.1 మిల్లీమీటరు ఉన్న రంధ్రంలో నీరు సుమారు 30 సెంటీమీటర్లు ఎక్కగలదు. రంధ్రం అందులో పదో వంతైతే సిద్ధాంతరీత్యా 3 మీటర్లు ఎక్కుతుంది. కాకపోతే చాలా నెమ్మదిగా ఎక్కుతుంది.

రంధ్రం సన్నబడే కొద్దీ నీటిని బయటకు లాగడం కష్టమవుతుంది. వేరు సుమారు 15 బార్ల చూషణ శక్తి వరకు లాగగలదని సాధారణంగా లెక్కిస్తాం. మిల్లీమీటరులో ఐదువేలవ వంతు కంటే సన్నని రంధ్రాలలో ఉన్న నీరు ఆ హద్దు దాటి ఉంటుంది. రేగడిలో అటువంటి రంధ్రాలు అసంఖ్యాకం. అందువల్లనే రేగడిలో 20 శాతం తేమ కనిపిస్తున్నా పైరు వాడిపోవచ్చు, ఎర్రచల్కాలో 12 శాతం తేమతోనే పైరు పచ్చగా నిలబడవచ్చు. చేతికి తడి తగిలితే చాలునని రేగడిలో తడిని ఆలస్యం చేయడం, ఆ కొలతనే చల్కాకు వాడి అవసరానికి మించి నీరు పెట్టడం రెండూ పొరపాట్లే. చల్కాకు కొద్దికొద్దిగా తరచుగాను, రేగడికి ఎక్కువ ఎడంతో నిండుగాను తడి ఇవ్వాలనడానికి ఆధారం ఇదే.

వాన వెలిసిన తరువాత గుంటక తోలడంలోని మర్మం కూడా ఇక్కడే ఉంది. పైపొరను కదిపితే సన్నని రంధ్రాల వరుస తెగి, కింది నీరు పైకి ఎగబాకి ఆవిరి కావడం తగ్గుతుంది. రేగడిలో అదే పని నెర్రెలను కూడా పూడుస్తుంది.

సోడియం చేరిన చోట

ఇప్పుడు మొదట చెప్పిన పొలానికి తిరిగి వద్దాం. ఆ నేలలో కరిగే లవణాలతోపాటు, పలకలను అంటిపెట్టుకొని సోడియం కూడా ఎక్కువగా ఉంది. వినిమయ సోడియం 15 శాతానికి మించినదని తరువాతి పరీక్షలో తేలింది. నేను పాల చౌడు అనుకొన్నది నిజానికి పాల చౌడు, కారు చౌడు కలిసిన నేల.

సోడియం, కాల్షియం అయాన్ల పరిమాణం దాదాపు సమానం. సోడియం వ్యాసార్ధం 0.102, కాల్షియంది 0.100 నానోమీటరు. తేడా ఆవేశంలో ఉన్నది. రెండు ఆవేశాలు గల కాల్షియం పలకను దగ్గరగా అంటి ఉండి, అటు ఒక పలకను, ఇటు ఒక పలకను పట్టి వంతెనలా నిలుస్తుంది. నీరు ఎంత చేరినా కాల్షియం పట్టిన మాంట్‌మోరిల్లొనైట్ పలకలు సుమారు రెండు నానోమీటర్ల దూరం వద్ద ఆగిపోతాయి. ఒకే ఆవేశం గల సోడియాన్ని పలక అంత గట్టిగా పట్టుకోలేదు. అది తన నీటితో సహా పలకకు దూరంగా గుంపుగా పరుచుకుంటుంది. ఆ గుంపులు ఒకదానినొకటి నెట్టుకోవటంతో పలకలు విడివడి నీటిలో తేలుతాయి. తేలిన సన్నని రేణువులు కిందికి దిగి రంధ్రాలను మూసివేస్తాయి.

మరి మొదట ఆ నేల గుల్లగా ఎందుకు ఉంది? నేల నీటిలో లవణాలు చిక్కగా ఉన్నంతకాలం, వాటి అయాన్ల ఒత్తిడి సోడియం గుంపును పలక దగ్గరకు నొక్కి ఉంచుతుంది. నెట్టుడు తగ్గి, రేణువులు కణికలుగా కలిసి ఉంటాయి. నేను మంచి నీటితో కడిగించినప్పుడు కొట్టుకుపోయింది ఆ లవణాలే. పలకలను అంటిన సోడియం అక్కడే ఉంది. దానిని అదుపులో ఉంచిన ఉప్పు పోవడంతో అది విజృంభించింది. "ఉప్పుతోపాటు నేల కూడా పోయింది" అన్న ఆ రైతు మాట శాస్త్రరీత్యా అక్షరాలా సత్యం.

దీనికి విరుగుడు సోడియం స్థానంలో కాల్షియాన్ని కూర్చోబెట్టడం. ఈ వినిమయ సూత్రం 1850లోనే ఇంగ్లండులో వెలుగు చూసింది. థాంప్సన్ అనే వ్యవసాయాభిమాని మట్టి గుండా అమ్మోనియం సల్ఫేటు ద్రావణాన్ని పంపగా, అడుగున కాల్షియం సల్ఫేటు వచ్చింది. అమ్మోనియం మట్టిలో నిలిచి కాల్షియాన్ని బయటకు పంపింది. థామస్ వే దానిని ప్రయోగాలతో విస్తరించారు. మనం జిప్సంతో చేసేది ఆ వినిమయాన్నే మరో దిశలో నడపడం. కాల్షియం లోనికి చేరి, సోడియం సల్ఫేటు రూపంలో బయటకు వచ్చి, మురుగు కాలువ గుండా పోతుంది.

మోతాదును కూడా బంధాల లెక్కే చెబుతుంది. 15 సెంటీమీటర్ల లోతున హెక్టారు మట్టి సుమారు 2,250 టన్నులు. వంద గ్రాముల మట్టిలో ఒక మిల్లీ ఈక్వివలెంటు సోడియాన్ని తొలగించాలంటే హెక్టారుకు సుమారు 1.9 టన్నులు, అంటే ఎకరాకు సుమారు 780 కిలోల శుద్ధ జిప్సం కావాలి. ఎన్ని మిల్లీ ఈక్వివలెంట్లు తొలగించాలో మట్టి పరీక్ష చెబుతుంది. జిప్సం లీటరుకు 2.4 గ్రాములే కరుగుతుంది కనుక 1.9 టన్నులు కరగడానికి దాదాపు 80 మిల్లీమీటర్ల నీరు కావాలి. అందుచేత మెత్తని జిప్సాన్ని పైపొరలో కలియదున్ని, నీరు నిలిపి, నెమ్మదిగా ఇంకనివ్వాలి. మురుగు పోయే దారి లేకపోతే బయటికొచ్చిన సోడియం తిరిగి అక్కడే చేరుతుంది. సున్నపురాయి కూడా కాల్షియమే కదా అన్న సందేహం సహజం. కానీ కారు చౌడులో పి.హెచ్. 8.5కు పైగా ఉండటంతో అది కరగనే కరగదు. కరగని కాల్షియం ఉన్నా లేనట్లే.

ఎరువులు: ఏది నిలుస్తుంది, ఏది జారుతుంది

పలక ఋణావేశం కలది కనుక ధనావేశపు పోషకాలను పట్టుకుంటుంది, ఋణావేశపు పోషకాలను నెట్టివేస్తుంది. ఈ ఒక్క వాక్యంతో నత్రజని యాజమాన్యంలో సగం అర్థమవుతుంది.

యూరియాకు ఏ ఆవేశమూ లేదు. కరిగిన వెంటనే అది నీటితో పాటు ప్రయాణిస్తుంది. నేలలోని యూరియేజ్ ఎంజైము కొద్ది రోజులలో దానిని అమ్మోనియంగా మార్చిన తరువాతనే పలక దానిని పట్టుకోగలదు. వరిలో నీరు తీసి బురద పదునులో యూరియా చల్లి, 36–48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టమనడానికి కారణం ఇదే. వెంటనే నీరు పెడితే యూరియా ఆ నీటి వెంట పోతుంది. మెట్టలో ఎండిన నేల మీద చల్లి వదిలేస్తే, క్షార నేలల్లో అమ్మోనియం తన ప్రోటాన్‌ను వదులుకొని, ఆవేశం లేని అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. మట్టితో కప్పడం అవసరం.

అమ్మోనియం బాక్టీరియా చర్య వల్ల నైట్రేటుగా మారితే ఋణావేశం వస్తుంది. పలకకు దానితో సంబంధం తెగిపోతుంది. చల్కా నేలలో ఒక పెద్ద వానకు నైట్రేటు వేరు మండలం దాటిపోగలదు. దేశంలో ఉత్పత్తయ్యే యూరియా అంతటికీ 2015 నుండి వేప పూత తప్పనిసరి చేయడంలోని ఒక ఉద్దేశం, అమ్మోనియం నైట్రేటుగా మారే వేగాన్ని తగ్గించి, నత్రజనిని పట్టుబడే రూపంలో ఎక్కువకాలం ఉంచడమే. వినిమయ సామర్థ్యం తక్కువగా ఉన్న ఎర్రనేలల్లో నత్రజనిని ఎక్కువ దఫాలుగా వేయాలి.

భాస్వరానిది ఇందుకు విరుద్ధమైన సమస్య. అది జారిపోదు, చిక్కుకుపోతుంది. ఫాస్ఫేటు ఋణావేశం కలదే అయినా, ఎర్రనేలల్లోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడుల తలంపై ఉన్న హైడ్రాక్సిల్‌ను తొలగించి, లోహంతో నేరుగా బంధం ఏర్పరచుకుంటుంది. సున్నం గల నల్లరేగళ్లలో కాల్షియంతో కలిసి క్రమంగా కరగని రూపాలకు మారుతుంది. వేసిన భాస్వరంలో మొదటి పంటకు అందేది సాధారణంగా 15–20 శాతమే. అందువల్ల భాస్వరపు ఎరువును వెదజల్లి మట్టి అంతటితో కలపడం కన్నా, దుక్కిలో విత్తన వరుస పక్కన పడేలా వేయడం మంచిది. తాకే మట్టి తగ్గితే చిక్కుకొనే భాస్వరమూ తగ్గుతుంది.

జింకు సల్ఫేటును డి.ఎ.పి. వంటి భాస్వరపు ఎరువులతో కలిపి వేయరాదన్న సలహాకూ ఇదే మూలం. రెండు ఆవేశాల జింకు, ఫాస్ఫేటుతో కలిసి సులువుగా కరగని లవణం అవుతుంది. మూడు రోజుల ఎడం ఇవ్వాలి. వరిలో మూడు పంటలకొకసారి ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటును దుక్కిలో వేయడం, పైరు మీద లోపం కనిపిస్తే లీటరుకు 2 గ్రాముల చొప్పున పిచికారీ చేయడం మనకు పరిచితమైన సిఫారసులు.

చిలేటెడ్ ఎరువులలో ఇ.డి.టి.ఎ. అణువు లోహపు అయానును ఆరు చోట్ల సమన్వయ బంధాలతో పట్టుకొని, ఫాస్ఫేటుకు, హైడ్రాక్సైడుకు చిక్కకుండా కాపాడుతుంది. అయితే ఈ పట్టుకూ హద్దు ఉంది. పి.హెచ్. 6.5 దాటిన నేలలో ఇనుము ఇ.డి.టి.ఎ. నుండి జారిపోతుంది, నేలలోని కాల్షియం ఆ స్థానాన్ని ఆక్రమిస్తుంది. సున్నపు నేలల్లో ఇనుమును పట్టి ఉంచగలది ఇ.డి.డి.హెచ్.ఎ. ఖరీదైన చిలేట్‌ను కొనేముందు నేల పి.హెచ్. తెలుసుకోకపోతే, పెట్టిన డబ్బు వృథా అవుతుంది.

పిచికారీలో

మట్టిలోని పట్టులే ఆకుమీదా పనిచేస్తాయి. తామరాకు మీద నీటిబొట్టు నిలవకపోవడం అందరికీ తెలిసినదే. ఆకుపై ఉన్న మైనపు పొడవైన అణువులు తమలో తాము వాండర్ వాల్స్ బలాలతో కలిసి ఉంటాయి, నీటితో హైడ్రోజన్ బంధం ఏర్పరచలేవు. దాంతో నీరు తనను తాను పట్టుకొని బొట్టుగా ముడుచుకుంటుంది. వరి, చేమ ఆకులపై మందు జారిపోవడం ఇందుకే. సబ్బు అణువుకు ఒక చివర నీటితో కలిసే గుణం, మరొక చివర మైనంతో కలిసే గుణం ఉండటంతో తలతన్యత తగ్గి మందు పరుచుకుంటుంది. వేపనూనెను లీటరుకు 5 మి.లీ. చొప్పున వాడేటప్పుడు గ్రాము సబ్బు పొడి కలపమనడమూ ఇందుకే. అది లేకపోతే నూనె పైకి తేలి, మొదటి చాళ్లకు ఉత్త నీరు, చివరి చాళ్లకు ఉత్త నూనె అందుతుంది.

కలుపు మందులను బురదనీటిలో కలపరాదు. పారాక్వాట్ అణువుకు రెండు ధనావేశాలుంటాయి. బంకమన్ను పలకల మధ్య అది దాదాపు విడదీయలేనంతగా చిక్కుకొని నిర్వీర్యమవుతుంది. నేలలో చిక్కుకుపోయేది కనుక మనిషికి కూడా నిరపాయమని భావించడం ఘోరమైన పొరపాటు. మింగితే విరుగుడు లేని విషం అది.

గట్టున కూర్చొని చేయదగిన రెండు పరీక్షలు

మొదటి పరీక్షకు ఒక గాజు గ్లాసు, కాస్త వాననీరు చాలు. శనగ గింజంత ఎండిన మట్టి గడ్డను నీటిలో నెమ్మదిగా వదిలి, కదపకుండా కొన్ని గంటలు చూడాలి. గడ్డ విడిపోయి కూడా నీరు తేటగా ఉంటే నేల నిర్మాణం బలహీనంగా ఉన్నదని, సేంద్రియ పదార్థం అవసరమని అర్థం. గడ్డ చుట్టూ పాలవంటి మసక వ్యాపిస్తే సోడియాన్ని అనుమానించాలి. పొలంలో ఉప్పు ఎక్కువగా ఉన్నప్పుడు ఈ మసక కనిపించకపోవచ్చు. అప్పుడు ఆ మట్టిని రెండు మూడుసార్లు వాననీటితో కడిగి పరీక్షించాలి. ఇరవై ఐదేళ్ల క్రితం నేను చేయవలసిన పని అదే.

రెండవ పరీక్షలో మసక కనిపించిన మట్టినే రెండు గ్లాసులలో సమానంగా కలిపి, ఒకదానిలో చిటికెడు జిప్సం వేసి కలియబెట్టాలి. కొద్దిసేపటికి జిప్సం వేసిన గ్లాసులో మట్టి కూడుకొని అడుగుకు చేరి నీరు తేరుకుంటుంది. రెండవది బురదగానే ఉంటుంది. కాల్షియం పట్టు ఎటువంటిదో ఇంతకంటే స్పష్టంగా చూపే ప్రయోగం నాకు తెలియదు. ఇవి ప్రయోగశాల పరీక్షకు ప్రత్యామ్నాయాలు కావు, ఏ పరీక్ష చేయించాలో సూచించేవి మాత్రమే. చౌడు నేల నమూనా పంపినప్పుడు విద్యుత్ వాహకత, పి.హెచ్., వినిమయ సోడియం శాతం మూడింటినీ అడిగి తీసుకోవాలి. వినిమయ సోడియం ఎక్కువగా ఉంటే జిప్సం ముందు, కడగడం తరువాత. ఈ వరుస తప్పితే నష్టం రైతుదే.

ఆ కాలువ చివరి పొలానికి జిప్సం వేయించి, మురుగు కాలువ లోతు చేయించి, జీలుగ పెంచి కలియదున్నించాం. తిరిగి వరి నిలవడానికి మూడు పంటకాలాలు పట్టింది. నీరు మొదటిసారి తేటగా ఇంకిన రోజున ఆ పెద్దాయన దోసిటితో మట్టి తీసి నలిపి చూపారు. అది మళ్లీ పొడిగా రాలింది. అప్పటి నుండి మొదటి సంవత్సరపు విద్యార్థులకు బంధాల పాఠం చెప్పేటప్పుడు ముందుగా నల్లబల్లపై పటాలు గీయను. బల్లపై రెండు గ్లాసులు పెట్టి, ఒకదానిలో చిటికెడు జిప్సం వేసి, నీరు తేరుకొనేదాకా ఆగుతాను.